లోపలి మాట

మా ఇంటిపని వాళ్ల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. యజమానులతో మాటలకు మనవాళ్లు ఎవరు లోపలికి వెళ్లినా, బయటికి రాగానే గేటు దగ్గర నిలబడి, లోపల ఎవరేమన్నారో అన్నది అన్నట్టు అందరికీ చెప్పాలి. దాచకూడదు, మెత్తబరచకూడదు, రేపు చెప్తాననకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. నాకంటే ముందు పెద్దరికం చేసినామె అపార్ట్‌మెంట్ ఆఫీసులోకి వెళ్లి, చల్లటి గదిలో టీ తాగి, బయటికొచ్చి "అంత మంచిగనే మాట్లాడినం, ఫికర్ చెయ్యకుండ్రి" అనేది. తెల్లారి ఎవరికో ఒకరికి పని పోయేది. గదిలో మాట గదిలోనే ఉండిపోతే మునిగేది బీదవాళ్లే. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. ఇప్పటికీ నమ్ముతాను. పోయిన ఎండాకాలం తర్వాత కూడా నమ్ముతున్నాను. అదే నా తిప్పలు.

అది ఏప్రిల్ నెల. మా ఆయన యాదయ్య క్యాబు నడుపుతాడు. ఆయన అక్క అంజమ్మ మాతోనే, హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక రెండు గదుల్లో ఉంటుంది. నాకు వదిన. కొండాపూర్ వైపు టవర్లలో ఒక ముసలమ్మను చూసుకునే పని. పొద్దున పోతే పొద్దు గూకినాకే రావడం. అలాంటి మనిషి ఆ రోజు ఎండ నడినెత్తి మీద ఉండగానే తిరిగొచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది.

"ఏమైంది వదినా?"

"లోపలికి రానిస్తలేరు."

"ఎవరు? పుల్లయ్యనా?"

పుల్లయ్య అక్కడ గేటు కాపలా. మా పాలమూరు వాడే.

"పుల్లయ్య ఏం జేస్తడు పాపం. ఆని ఫోన్ల నా బొమ్మ మీద ఎర్రగ పడ్డది. నా గేటు కోడు పని చేస్తలేదు. 'అక్కా, నిన్ను బంద్ పెట్టిండ్రు, నన్ను తిట్టకు' అన్నడు."

అప్పటికే మా వాళ్లలో ఎవరో ఆ టవర్ల వాట్సాప్ గ్రూపులోని సందేశం ఫొటో తీసి నాకు పంపారు. అంజమ్మ వదిన ఫొటో. కింద ఇంగ్లీషులో రాత. కూడబలుక్కుని చదివాను. 'మా అమ్మను ఒంటరిగా వదిలేసి చెప్పకుండా వెళ్లిపోయింది. అమ్మ పడి చెయ్యి విరిగింది. దయచేసి ఈమెను ఎవరూ పనిలో పెట్టుకోకండి.' రాసింది సురేంద్ర. ఆ ముసలమ్మ కొడుకు. ప్రొద్దుటూరు వాళ్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు.

"నువ్వు ఇడిసిపెట్టి పోయినవా?" అన్నాడు యాదయ్య.

అంజమ్మ వదిన తమ్ముడి వైపు చూసింది. కోపంగా కాదు. అడిగావా ఇది, అన్నట్టు.

"హరితమ్మనే పంపింది. పార్సిల్ వచ్చింది, కిందికి పోయి పట్కరమ్మంది. వచ్చేసరికి అమ్మ నేల మీద ఉన్నది. ఆమె పక్కన హరితమ్మ కూసున్నది. నిన్న దవాఖానకు నేనే ఎంబడి పోయిన. కట్టు కట్టేదాంక నా చెయ్యే పట్టుకున్నది అమ్మ. పొద్దుగాల పోతే గిట్ల."

"ఇంక ఆలోచించేదేం ఉంది?" అన్నాను నేను. "పేరు ఖరాబ్ చేసిండ్రు. కేసు ఏద్దాం."

"నాకు కేసు ఎందుకే. అమ్మ నా చేత్తోని తప్ప తినదు. ఇయ్యాల ఏం తిన్నదో ఏమో." మూత తీయని డబ్బాను అరుగు మీద పెట్టింది. "నేను చెయ్యలేదని ఒక్క మాట అంటే చాలు. మళ్ల పోయి నా పని నేను చేస్కుంట."

ఆమెకు కావలసింది అదీ. కడిగిన పేరుతో ఆ గేటు దాటి ఆ ముసలమ్మ దగ్గరికి పోవడం. నేను దాన్ని చిన్న కోరిక అనుకున్నాను.

*

మర్నాడే గేటు ముందు కూర్చున్నాం. వంటవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, పిల్లల్ని చూసేవాళ్లు. ఆఫీసు కార్లు బారులు తీరి హారన్లు కొట్టాయి. పోలీసులొచ్చి, "ఇది మా దాంట్ల రాదమ్మా, పోయి కోర్టుల చూస్కోండ్రి" అన్నారు. సరే, కోర్టుకే పోయాం.

నేను ఏడో తరగతి. చట్టం నాకు ఎవరూ చెప్పలేదు. పాత పుస్తకాల బండి మీద కొన్న చట్టాల పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు, తిరిగిన ఆఫీసులు, తిన్న తిట్లు, అంతే నా చదువు. పరువు నష్టం దావా వేస్తామని గట్టిగా అన్నాను. ఉచిత న్యాయ సహాయం కిటికీ వెనకాల కూర్చున్నాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "వెయ్యొచ్చమ్మా. ఏండ్లు పడుతది. వాళ్లు పెద్ద వకీలును పెడతరు. దానికంటె ముందు మధ్యవర్తి కాడ కూసోండ్రి. ఖర్చు లేదు. తేలకుంటె దావా ఎటూ పోదు" అన్నాడు.

రాజీ అన్న మాట నాకు పడదు. బలమున్నవాడు బలం లేనివాడి వీపు నిమిరి ఇంటికి పంపడాన్ని రాజీ అంటారని సభల్లో చెప్పేదాన్ని. కానీ అంజమ్మ వదిన వెంటనే, "గట్లనే రాస్కోండ్రి సారూ" అంది.

బస్సు దిగేటప్పుడు, "సంధ్యా, నువ్వు కొట్లాడెటందుకు కేసు కావాలె. నాకు అమ్మ కావాలె" అంది.

*

మధ్యవర్తి పేరు వీరలక్ష్మి. కోస్తా మనిషి, నెరిసిన జుట్టు ముడి, కళ్లద్దాలు తాడుకు వేలాడేవి. ఆ గదిలో ఎత్తు కుర్చీ లేదు, బోను లేదు. గుండ్రటి బల్ల. కూజాలో నీళ్లు. అందరికీ ఒకే రకం కుర్చీలు. నాకు అది కూడా ఏదో మోసంలాగే కనిపించింది.

"ఇది కోర్టు కాదండి," అంది ఆమె. "నేను తీర్పు చెప్పను. మీరిద్దరూ ఒక మాట మీదకి వస్తే కాగితం మీద పెడతాం. రాకపోతే లేదు. కానీ ఒక్కటి. ఈ గదిలో అన్న మాట ఈ గది దాటకూడదు. రేపు కోర్టులో కూడా వాడటానికి లేదు. ఆ ధైర్యం మీదే మనుషులు ఇక్కడ నిజం చెబుతారండి. ఇష్టమైతేనే సంతకం పెట్టండి."

అందరం పెట్టాం. అంజమ్మ వదిన తరఫున తోడు వచ్చిన మనిషిగా నేనూ పెట్టాను. పెట్టేముందు అడిగాను కూడా.

"మేడం, మా వాళ్లు బయట ఎదురు చూస్తుంటరు. మాకు ఒక కట్టుబాటు ఉంది, లోపలి మాటలు చెప్పాలె."

"ఏం తేలిందో చెప్పండి. ఎవరేమన్నారో చెప్పకండి. తేడా ఉందండి."

"ఉంది," అన్నాను.

ఆ రోజు సురేంద్రే మాట్లాడాడు. సగం ఇంగ్లీషు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు తీయనే లేదు. "హాల్లో కెమెరా ఉంది మేడం. ఆమె డోర్ తీసుకుని వెళ్లడం క్లియర్‌గా ఉంది. మా అమ్మకు మతిమరుపు జబ్బు. ఒక్క నిమిషం వదలకూడదని వందసార్లు చెప్పాం. నేను అబద్ధం ఏం రాశాను?"

"ఎవరు పొమ్మంటె పోయిందో మీ ఇంట్ల అడిగిండ్రా?" అన్నాను.

"నా వైఫ్ చెప్పింది కాబట్టే రాశాను!"

హరిత అతని పక్కనే ఉంది. సన్నగా, కళ్ల కింద నల్లగా. మెడలోని గొలుసును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది. ఒక్కసారి కూడా అంజమ్మ వదిన వైపు చూడలేదు. పొగరు అనుకున్నాను. పొగరును పసిగట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు అప్పట్లో పెద్ద నమ్మకం.

రెండోసారి సురేంద్ర రాలేదు. ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందట. హరిత ఒక్కతే వచ్చింది. కూజాలోంచి నీళ్లు పోసుకుంది, తాగలేదు.

"మేడం, అంజమ్మ తప్పేం లేదు," అంది. "అంజమ్మను కిందికి పంపింది నేనే."

వీరలక్ష్మి కళ్లద్దాలు పెట్టుకోలేదు, కలం పట్టుకోలేదు. ఊరికే వింది.

"క్లయింట్ కాల్‌లో ఉన్నాను. అత్తమ్మ వచ్చి మా నాయన వచ్చినాడా, మా నాయన వచ్చినాడా అని ఒకటే అడగడం. ల్యాప్‌టాప్ వైరు లాగింది. పెట్టాను. మళ్లీ లాగింది. అవతల వాళ్లు నవ్వుతున్నారు. నేను..." గొలుసు వేలికి బిగుసుకుపోయింది. "తోసేశాను. గట్టిగానే తోశాను. మంచం కోడు మీద పడింది. కోపంలో తోశాను మేడం, పొరపాటున కాదు."

హరిత పోసుకున్న నీళ్ల గ్లాసును వీరలక్ష్మి ఆమె దగ్గరికి జరిపింది.

"ఆయనకు ఫోన్ చేసి పడింది అని చెప్పాను. అంజమ్మ ఏమైంది అన్నాడు. లేదు, బయటికి పోయింది అన్నాను. అంతే అన్నాను. మిగతాదంతా ఆయనే అనుకున్నాడు. గ్రూపులో పెట్టిన తర్వాత చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు." ఇప్పుడు అంజమ్మ వదిన వైపు తిరిగింది. "నీ ఫొటో చూస్తా కూర్చున్నాను అంజమ్మా. ఏం చేయలేదు."

అంజమ్మ వదిన లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆమె వేలికి బిగుసుకున్న గొలుసు విప్పింది. "రక్తం ఆగిపోతది బిడ్డా," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత చేసినదానికి బిడ్డా?

"గ్రూపులో నేనే రాస్తాను," అంది హరిత. "అంజమ్మ తప్పు లేదు, నేనే పంపాను, క్షమించమని రాస్తాను. గేటు దగ్గర అందరి ముందూ చెప్పమన్నా చెప్తాను. పనికి రావాలి, అత్తమ్మ తినడం లేదు. కానీ తోసిన సంగతి మా ఆయనకు ముందు నా నోటి నుంచి తెలియాలి. వాళ్లమ్మ అంటే ఆయనకు ప్రాణం. నేనే చెప్పాలి. ఒక్క వారం ఇవ్వండి."

"ఇచ్చిన," అంది అంజమ్మ వదిన. నా వైపు చూడనైనా చూడలేదు. "నాకు మిగతాది ఎందుకు బిడ్డా. నేను చెయ్యలేదని చెప్పు, చాలు. తీసుకో నీ వారం."

వీరలక్ష్మి నన్ను అడిగింది. "మీరేమంటారండి?"

"మా వదిన మాటే నా మాట," అన్నాను.

*

సాయంత్రం గేటు ఎదురుగా చెట్టు లేని ఫుట్‌పాత్ మీద మా వాళ్లంతా ఉన్నారు. పనులు ముగించుకుని, కొంగులతో చెమట తుడుచుకుంటూ. టవర్ల అద్దాల మీద ఎండ ఇంకా దిగలేదు. బస్సు దిగగానే చుట్టూ మూగారు.

ముందు సరిగ్గానే చెప్పాను. "వాళ్లు తప్పు ఒప్పుకున్నరు. వారంల గ్రూపుల రాస్తరు. వదిన మళ్ల పనికి పోతది."

"ఏమని ఒప్పుకున్నారు?" అంది అమ్మణ్ణి. చిత్తూరు వైపు మనిషి, వంటలు చేస్తుంది. నోరు ఊరుకోదు. నా తర్వాత సంఘం పెద్ద తనేనని అందరితో అంటుంది.

"ఒప్పుకున్నరు. అంతే."

"అంతే ఏంది అక్కా? ఎవురు ఏమన్నారో చెప్పల్ల గదా? మా వెంకటమ్మ పంచాయితీ అప్పుడు, ఆఫీసరు తుమ్మింది గూడా చెప్తివే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇది వేరేనమ్మా. సంతకం పెట్టినం. లోపలి మాట బయట చెప్పొద్దు."

నవ్వు ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి, "గిదేం కొత్త ముచ్చట?" అన్నారు.

"కొత్తేం లేదులే," అంది అమ్మణ్ణి. "ఏసీ గదిలో కూర్చోబెట్టినారు. నీళ్లిచ్చినారు. ఇంగ మన సంధ్యక్కకు గూడా నోటికి తాళం పడింది. ముందున్నామె గూడా ఇట్లానే మొదలు పెట్టిందంట. కవరు లావుగా ఇచ్చినారా అక్కా?"

అందరి ముఖాలు చూశాను. ఒక్కరైనా అమ్మణ్ణిని ఆపుతారేమోనని చూశాను. ఎవరూ ఆపలేదు. వాళ్ల కోసం దెబ్బలు తిన్నాను, స్టేషన్‌లో కూర్చున్నాను. వాళ్లు నన్ను అనుమానంగా చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ ముందున్నామె వైపు నేను చూసిన చూపే అది.

"సంధ్యా," అంది అంజమ్మ వదిన నా మోచెయ్యి పట్టుకుని. "చాలు, ఇంటికి నడు."

విదిలించుకున్నాను.

చెప్పాను. మొత్తం చెప్పాను. మైకు లేకుండానే రోడ్డు అవతలికి వినపడేలా చెప్పాను. "ఆ కోడలే తోసింది! కాలు విరగలేదు, అదృష్టం, చెయ్యి విరిగింది! తోసి, మా వదిన మీద పెట్టింది! మొగుడికి గూడ చెప్పలేదు, దొంగ! లోపల ఏడ్చుకుంట ఒప్పుకున్నది!" ఇంకా ఏదేదో అన్నాను. ముసలివాళ్లను కొట్టే చేతులని, లక్షల జీతాలని, మన చేతులు శుభ్రమైనవని. చప్పట్లు కొట్టారు. అమ్మణ్ణి అందరికంటే గట్టిగా కొట్టింది. ఫోన్లు పైకి లేచాయి. సంఘం మాటలు వీడియో తీయడం మా అలవాటే, ఇంటికి పోయిన వాళ్లకు పంపాలి కదా.

ఆ చప్పట్లు నాకు ఎంత బాగున్నాయో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ బాగున్నాయి.

వెనక్కి తిరిగి చూస్తే అంజమ్మ వదిన లేదు. మా ఇంటి వైపు ఒక్కతే నడుచుకుంటూ పోతోంది.

*

"నువ్వు సంతకం పెట్టినవు గదనే," అన్నాడు యాదయ్య. అప్పటికే ఆ వీడియో అతని క్యాబు డ్రైవర్ల గ్రూపులోకి కూడా వచ్చేసింది.

"మనోళ్లకు చెప్పుడు తప్పా? వాళ్ల కోసం కాదా నేను పోయింది?"

"నువ్వు పోయింది అక్క కోసం."

అంజమ్మ వదిన బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా అంది. "వారం ఇచ్చింది నేను. సంధ్యది కాదు ఆ మాట. నాది. నా మాట పోయింది."

"వదినా, ఆమె నీ పేరు బజార్ల పెట్టింది. ఆమె పేరు మనం పెడితే తప్పొచ్చిందా?"

చేట కింద పెట్టింది.

"గేటు కాడ నన్ను దొంగ తీర్గ నిలబెడితే నాకు సిగ్గు కాలేదే. నేను చెయ్యలేదు గనక. అందరు నా దిక్కు చూసినా గట్లనే నడుచుకుంట వచ్చిన. ఇయ్యాల బస్సు ఎక్కుత అనుకున్న, ఎక్కలేకపోయిన. అండ్ల ఎవరన్న నన్ను గుర్తు పడ్తరని." మళ్లీ చేట తీసుకుంది. "ఇగ మాట్లాడకు నాతోని."

లేచి బిందె తీసుకుని నీళ్లకు పోయాను. బిందె నిండే ఉంది. అలాగే మోసుకుపోయి, నల్లా దగ్గర ఒంపి, మళ్లీ నింపుకొచ్చాను.

*

మూడోసారి బల్ల దగ్గర సురేంద్ర ఒక్కడే ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆఫీసు కార్డు లేదు.

"గ్రూపులో మెసేజ్ పెట్టేశాను," అన్నాడు. "గేటులో బ్లాక్ కూడా తీయించాను. మీకు కావాల్సింది అదే కదా. ఇంకేం కాగితం అక్కర్లేదు మేడం, నేను వెళ్తాను."

"హరితగారు?" అంది వీరలక్ష్మి.

"ప్రగతి నగర్‌లో వాళ్లక్క ఇంట్లో ఉంది." ఫోన్ బల్ల మీద బోర్లించాడు. "వీడియో నాకు లిఫ్ట్‌లో చూపించారు. పై ఫ్లోర్ ఆయన. 'ఇది మీ ఇంటిదేనా' అని అడిగాడు. లిఫ్ట్‌లో ఇంకో నలుగురున్నారు. పదమూడో అంతస్తు దాకా చూశాను." నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే నాకు చేతనైన పని దొరికేది. "ఆ రోజు సాయంత్రం నీతో మాట్లాడాలి, త్వరగా రా అని తను మెసేజ్ పెట్టింది. నేనే మీటింగ్‌లో ఉండిపోయాను," అన్నాడు. అంతే.

వీరలక్ష్మి నన్ను అడిగింది. "మాట బయటికి ఎలా వెళ్లిందండి?"

"నేనే చెప్పిన."

ఆమె తల ఊపింది. "మీ కట్టుబాటు సంగతి మీరు మొదటి రోజే నాకు చెప్పారు. దాచలేదు. అది విని నేను ఇంకాస్త ఆలోచించాల్సింది. మిమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టింది నేను." కలం తీసి కాగితం మీద పరిష్కారం కాలేదని రాసింది. నా తప్పులో సగం ఆమె మోసుకుపోయింది. మిగిలిన సగం దాంతో తేలిక కాలేదు.

అంజమ్మ వదిన గుండ్రటి బల్ల మీదుగా ముందుకు వంగింది. "సారూ, అమ్మ తింటున్నదా?"

"హోంలో పెట్టాను అంజమ్మా. బాచుపల్లిలో. నర్సులుంటారు."

"హోం ఎందుకు సారూ? గేటు తెరిచిండ్రంటిరి గద. రేపటి సంది నేనొస్త. హరితమ్మ లేకున్న నేను చూసుకుంట. పండుడు గూడ ఆడనే పండుకుంట."

సురేంద్ర కుర్చీ వెనక్కి జరిపాడు.

"మీ మీద నాకేం లేదు అంజమ్మా. మీరు బంగారం. కానీ మా ఇంట్లో మీరుంటే, మా ఇంట్లో జరిగేది..." ఆగిపోయాడు. నేను అక్కడున్నానని ఆగాడు. లేచి ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

బయటికొచ్చేసరికి మా వాళ్లు గులాల్ తెచ్చారు. గ్రూపులో సురేంద్ర రాసిన క్షమాపణ అప్పటికే అందరి ఫోన్లకూ చేరింది. టవర్ల చరిత్రలో ఓనరు పనిమనిషికి క్షమాపణ చెప్పడం ఇదే మొదటిసారి అన్నారు. నిజమే కావచ్చు. అమ్మణ్ణి నా మెడలో దండ వేసి, "ఊరికే అంటి అక్కా ఆ పొద్దు, మనసులో పెట్టుకోవద్దు" అంది. అంజమ్మ వదినకు కూడా వేయబోతే ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నాకు గులాల్ పడదమ్మా, దగ్గు వస్తది," అంది.

ఆమెకు గులాల్ పడకపోవడం ఏమీ లేదు. బోనాలకు మునిగి తేలుతుంది.

*

జూన్‌లో వానలు పడ్డాయి. అంజమ్మ వదినకు ఆ టవర్లలోనే మూడు ఇళ్లవాళ్లు కబురు పెట్టారు. పోలేదు. మియాపూర్‌లో ఒక హాస్టల్‌లో కూరలు తరిగే పనికి కుదిరింది. మాతో బాగానే ఉంటుంది. అన్నం పెడుతుంది, నా తలకు నూనె రాస్తుంది. కానీ ఆమె ఫోన్ మోగితే మెట్ల మీదికి పోతుంది. నేను ఇంట్లోకి వస్తే ఆమె, యాదయ్య మాట మారుస్తారు. ఏ పెద్ద రహస్యమూ కాదు, నాకు తెలుసు. ఏదో పిల్ల పెళ్లి సంగతి, ఎవరి మోకాళ్ల నొప్పో. అయినా మారుస్తారు. మా ఇంట్లో ఇప్పుడు నేను వింటున్నానా అని చూసుకుని మాట్లాడతారు.

ఆదివారాలు ఆమె బాచుపల్లి పోయేది. నన్ను రమ్మనేది కాదు. ఒక ఆదివారం వాన గట్టిగా పట్టింది. యాదయ్య ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులో ఉన్నాడు. గొడుగు పట్టుకుని ఆమె వెంట నడిచాను. వద్దనలేదు. ఆటోలో కూడా వద్దనలేదు. దారి పొడుగునా మనసులో ఒకటే సిద్ధం చేసుకున్నాను, హరిత ఎక్కడుందో కనుక్కుని పోయి ఏమనాలో. సభల్లో గంటలు గంటలు మాట్లాడిన నోరు నాది. రెండు వాక్యాలు కుదరలేదు.

కనుక్కోనక్కర్లేకపోయింది. ఆమె అక్కడే ఉంది. పొడుగాటి గది, మంచాల మీద ముసలివాళ్లు, కిటికీ పక్క మంచం మీద సురేంద్ర తల్లి లక్ష్మీదేవమ్మ. చేతికి కట్టు తీసేశారు. మంచానికి ఒక పక్క హరిత, అంజమ్మ వదిన వెళ్లి రెండో పక్క కూర్చుంది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి ఏదో మాట్లాడుకుంటున్నారు. హరిత నవ్వింది కూడా. వీళ్లు ప్రతి ఆదివారం కలుస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది.

నేను గొడుగు దులిపి లోపలికి వచ్చేసరికి మాట ఆగింది.

హరిత లేచి నిలబడింది. ఆమె తను కూర్చున్న కుర్చీని నా వైపు జరిపింది.

"తడిసిపోయారు. కూర్చోండి," అంది.

కూర్చోలేకపోయాను. కుర్చీ వెనక చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. అంజమ్మ వదిన డబ్బా మూత తీసి సంగటి చిదిపి పప్పులో కలుపుతోంది. ముసలమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎవురు మే ఈమె?"

"మా తమ్ముని పెండ్లాం అమ్మా," అంది అంజమ్మ వదిన.

"మంచిదేనా?"

పిల్లలు అడిగినట్టే అడిగింది. వాన కిటికీ అద్దం మీద కొడుతోంది. నేను అంజమ్మ వదిన వైపు చూశాను. ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. కలిసిపోయిన ముద్దనే మళ్లీ కలుపుతోంది. తల ఎత్తలేదు.

"మంచిదే అత్తమ్మా," అంది హరిత. "నోరు తెరువు. తిను."